దున్నని ఏడెకరాలు

మట్టి పరీక్ష కార్డు మీద సేంద్రియ కర్బనం అన్న గడిలో 0.82 అని అంకె వేసి, పక్కన 'అధికం' అని రాశారు. ఆ అంకె అబద్ధం. తప్పు పరీక్ష చేసినవాళ్లది కాదు. అబద్ధం ఆడింది నేను.

మా బీడు పద్నాలుగెకరాలు. అద్దంకికి పడమటగా ఆరు మైళ్ల దూరంలో, ఊరికి ఎగువన, వాగు ఒడ్డున ఉంటుంది. చుట్టూ ఎటు చూసినా పత్తి, మిరప, పొగాకు. మధ్యలో ఇదొక్కటే నాగలి దిగని నేల. మా మామగారు ఒంగోలు ఆవుల్ని పెంచేవారు. ఆ ఆవులకి చెంగలి గడ్డి ఇష్టం. ఒకసారి దున్నిన నేలలో చెంగలి ఓ పట్టాన మళ్లీ రాదు. అందుకని ఆయన దున్ననివ్వలేదు. ఆయన తర్వాత నా భర్త వెంకయ్యగారూ దున్ననివ్వలేదు. ఆయన కూడా పోయాక మిగతా పొలమంతా మా మరిది శివరామకృష్ణ చేసుకొచ్చాడు, బీడు మాత్రం నా చేతిలో ఉంది. దాని మీద ఎవరికీ ఆశ లేదు గనక, 'దుర్గాంబ చేతిలో ఉంటే ఉండనీ' అని నాకు వదిలేశారు.

శివయ్య పేరుకి మరిదిగానీ, నేను కాపురానికి వచ్చేసరికి వాడికి నాలుగేళ్లు. తల్లి లేదు. నా చేతి ముద్ద తిని, నా కొంగు పట్టుకుని తిరిగాడు. నాకు పిల్లలు పుట్టలేదు. వాడు చదువుకని గుంటూరు బస్సెక్కిన రోజున నేను అన్నం ముట్టలేదు. ఎవరు గడప దాటినా నాకు అదే దడ. తిరిగి రానివాళ్లని చాలామందిని చూశాను.

1995లో చీరాలలో మా చెల్లెలు సుబ్బరావమ్మ మంచాన పడితే వెళ్లి ఎనిమిది నెలలు ఉన్నాను. దాన్ని సాగనంపి ఊరికి తిరిగొచ్చి, మర్నాడు ఉదయం బీడుకి వెళ్లాను. వెళ్లి, ఇది మా బీడేనా అని వాగు కోసం, గట్టు మీది రాళ్ల కోసం వెతుక్కున్నాను.

నాలుగూళ్ల మందలు పడి తిన్నాయి. ఒక నెల కాదు, ఎనిమిది నెలలూ. గడ్డి దుబ్బులు బొటనవేలంత కూడా లేవు. మధ్య మధ్య నేల గుండు కొట్టించినట్టు తేలింది. ముట్టుకుంటే పెచ్చు. ఆ సాయంత్రం చిన్న వాన పడింది. గట్టు మీద నిలబడి చూశాను. ఒక్క చుక్క లోపలికి దిగలేదు. పైపైన జారి, మట్టిని తీసుకుని వాగులోకి పోయింది.

ఇంటికొచ్చి శివయ్యని అడిగాను.

"ఎవర్ని అడిగి తోలించావురా?"

"అడిగేదేముంది వదినా. గడ్డే కదా, మళ్లీ మొలుస్తుంది."

"వేరు చచ్చాక ఎక్కణ్ణించి మొలుస్తుంది? మొలిచేదాకా ఎప్పుడన్నా ఆగారా వాళ్లు?"

"నువ్వు చీరాలలో కూర్చుంటే ఇక్కడ కాపలా ఎవరు కాస్తారు? నాకు మిరప కోతలు." వాడు చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "ఇప్పుడొచ్చావుగా, చూసుకో."

చూసుకున్నాను. ఆరేళ్లు చూసుకున్నాను.

బాపయ్యని పిలిపించాను. మా ఊళ్లో గొర్రెలున్నవాళ్లలో మాట మీద నిలబడేవాడు వాడొక్కడు. ఎనభై గొర్రెలు వాడివి. ఎండాకాలం కోసేసిన పొలాల్లో తిప్పుకుంటాడు. వానలు పడి ఊరంతా పైరు పెట్టాక వాడికి దిక్కు బీడే. తుమ్మ కంప కొట్టించి బీడుని ఐదు ముక్కలు చేశాను. ఒక ముక్కలో పది రోజులు మేత. తర్వాత దాన్ని మూసి పక్క ముక్కలోకి. మళ్లీ మొదటి ముక్కకి రావాలంటే నెల రోజులు కావాలి. ఇంకో షరతు, ఏడాదికో ముక్క చొప్పున మృగశిర కార్తెలో మూస్తే, గింజ రాలే దాకా, అంటే స్వాతి దాకా తెరవకూడదు.

బాపయ్య మొదటి ఏడు నవ్వాడు.

"గడ్డికి కూడా బాలింత పథ్యమా అమ్మగారూ?"

"బాలింతే అనుకో. పచ్చి ఒంటి మీద పని చేయిస్తే ఏమవుతుందో మీ ఆదెమ్మని అడుగు."

"అది చెప్తే నేను వినలేక చస్తాను."

వాడు నవ్వినా మాట తప్పలేదు. ఏ ముక్క మూయమన్నానో ఆ ముక్క మూశాడు. ముసురు పట్టి గొర్రెలు ఆకలికి అరుస్తున్న రోజున కూడా కంప తీయలేదు.

గడ్డి సంగతి పత్రికల్లో చదివినదానికంటే గునపంతో తవ్వి ఎక్కువ తెలుసుకున్నాను. గొర్రె పైన సగం కొరికితే, కింద కొన్ని వేళ్లు ఎండి చస్తాయి. తెరిపి ఇస్తే గడ్డి మళ్లీ లేచి కొత్త వేళ్లు దింపుతుంది. చచ్చిన వేళ్లు మట్టిలోనే ఉండిపోతాయి. అదే నేలకి తిండి. తెరిపి ఇవ్వకపోతే చచ్చే వేళ్లే గానీ కొత్తవి రావు. నాలుగో ఏడు గునపం వేస్తే జానెడు లోతు దాకా మట్టి ముద్దగా కాక పొడి పొడిగా, గుల్లగా విడిపోయింది. వానపాములు కనిపించాయి. వాన నీళ్లు నిలబడకుండా, పారకుండా లోపలికి దిగాయి. ఐదో ఏడు చెంగలి గింజ పట్టి, మాఘమాసంలో బీడంతా ఎర్రగా తిరిగింది. మా మూడావులు అందులో కడుపు దాకా మునిగి నిలబడితే, వెంకయ్యగారు చూడలేకపోయారే అనుకున్నాను.

ఇది 2001 దాకా. ఆ ఏడు సంక్రాంతి అయిన నెలకి శివయ్య భోజనాల దగ్గర మాట తెచ్చాడు.

"రోడ్డు పనివాళ్లు గ్రావెల్ అడుగుతున్నారు వదినా. బీడులో రెండడుగులు తవ్వితే దొరుకుతుందంట. ఊరికే పడుందిగా, ఇచ్చేద్దాం."

"ఊరికే పడుందా?"

"గడ్డి తప్ప ఏం ఉంది దాంట్లో?"

"పైమట్టి తీసేస్తే ఇంక గడ్డి కూడా ఉండదురా. ఆ మట్టికి ప్రాణం ఉంది."

శివయ్య పెళ్లాం కోటేశ్వరి పెరుగు వడ్డిస్తూ నవ్వింది. "అక్కయ్యకి మట్టిలో కూడా ప్రాణం కనబడుతుంది."

"ప్రాణం ఉందని కాగితం తెచ్చి చూపించు," అన్నాడు శివయ్య. "మట్టి పరీక్ష ఉందిగా ఒంగోల్లో. దాంట్లో బలమని రాస్తే గ్రావెల్ మాట ఎత్తను. సరేనా?"

సరే అన్నాను. అక్కడే నా తెలివి తెల్లారింది.

మట్టి ఎలా తీయాలో వాళ్లిచ్చే కరపత్రంలో ఉంది. పది పదిహేను చోట్ల, వంకర టింకరగా నడుస్తూ, జానెడు గుంట తీసి, అంతా కలిపి అరకిలో సంచిలో వేయాలి. చెట్ల కింద తీయకూడదు, గట్ల పక్కన తీయకూడదు, పెంట వేసిన చోట, మంద పెట్టిన చోట తీయకూడదు. నేను ఆ కరపత్రం మూడుసార్లు చదివాను. చదివి, నేరుగా వాగు మలుపు దగ్గరున్న మెరకకి వెళ్లాను. ముసురు రోజుల్లో బాపయ్య మంద పడుకునే దొడ్డి అదే. ఆరేళ్ల పెంటికలు, ఆరేళ్ల మూత్రం అక్కడి మట్టిలో ఉంది.

ఎందుకంటే నాకు భయం వేసింది. బీడంతా బాగుపడిందని నా కంటికి తెలుసు, నా గునపానికి తెలుసు. కానీ కార్డుకి తెలుస్తుందో లేదో తెలియదు. ఎక్కడో 'తక్కువ' అని రాస్తే, మర్నాడు జేసీబీ వస్తుంది. ఆ మాట మనసులో పడ్డాక నా చెయ్యి దొడ్డి వైపే పోయింది.

బాపయ్య చూశాడు. "అక్కడ తవ్వుతారేంటమ్మగారూ, అది నా గొర్రెల పెంటికలు గదా."

"నీ పని నువ్వు చూసుకో బాపయ్యా."

వాడు గొర్రెల వైపు తిరిగాడు.

ఉగాది వెళ్లిన వారానికి కార్డు వచ్చింది. 0.82, అధికం. నేనే తీసుకెళ్లి శివయ్య చేతిలో పెట్టాను. నా మొహం ఎలా వెలిగిపోయి ఉంటుందో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది. వాడు చదివి, మడిచి, జేబులో పెట్టుకుని అద్దంకి వెళ్లాడు. పురుగుమందుల కొట్టులో చూపించాడు. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, నా పక్కన మంచం మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"వదినా, నువ్వు చెప్పిందే నిజం. ఇంత బలమున్న నేల మన ఊళ్లోనే లేదంట. కొట్టాయన కార్డు చూసి నమ్మలేదు. ఇన్నాళ్లూ దీన్ని గొర్రెల పాలు చేశాం. ఈ ఏడు మొత్తం మిరప పెడతాను."

గ్రావెల్ మాట ఎత్తనన్నాడు, ఎత్తలేదు. మాట మీద నిలబడ్డాడు మహానుభావుడు.

మా వైపు మనిషికి మట్టి బాగుంది అని చెప్తే ఒకటే అర్థమవుతుంది, మిరప పెట్టాలని. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే ముసలిదాన్నై, ఆ సంగతి మర్చిపోయాను. చెడ్డ నేలని తవ్వి పోస్తారు, మంచి నేలని దున్ని పోస్తారు. మంచిదైనందుకు ఒక నేలని అలాగే ఉండనివ్వడమన్నది మావాళ్లకి తెలియదు.

సాయంత్రం దాకా గింజుకుని, వాడు అన్నానికి కూర్చున్నాక చెప్పాను.

"శివయ్యా, ఆ కార్డు తప్పు."

"ఏం తప్పు?"

"మట్టి నేను మంద దొడ్డిలో తీశాను. అది పద్నాలుగెకరాల మట్టి కాదు. పెంటికలు పడీ పడీ బలిసిన ఒక్క చోటు."

వాడి చెయ్యి కంచంలోనే ఆగింది. నా వైపు చూసి నవ్వాడు.

"పొద్దున్న బంగారం. సాయంత్రానికి పెంటికలా?"

"బాపయ్యని అడుగు. వాడు చూశాడు."

"బాపయ్యనా? గొర్రెలవాడు బీడు దున్నమంటాడా, వద్దంటాడా?"

"ఒరేయ్, నేను నీకు అబద్ధం చెప్తానా?"

"ఇప్పుడు నువ్వు చెప్తున్నదేంటి మరి? అబద్ధం చెప్పి కార్డు తెచ్చాననేగా? అప్పుడు చెప్పినదానివి ఇప్పుడు చెప్పవా?"

కోటేశ్వరి చారు గిన్నె దించి, "ఏదో ఒక మాట మీద ఉండు అక్కయ్యా," అంది.

దున్నితే ఏమవుతుందో చెప్పి చూశాను. మొదటి ఏడు బ్రహ్మాండంగా పండుతుంది, ఆరేళ్ల వేళ్లు ఒక్కసారి కుళ్లి ఇచ్చే బలం అది. రెండో ఏడు సగం. మూడో ఏడు ఆ నేల నీ మిగతా పొలంలాగే బస్తాల కొద్దీ ఎరువు అడుగుతుంది. అప్పుడు గడ్డి వేద్దామన్నా రాదు.

"ఒక్క ఏడు పండితే చాలు వదినా. తర్వాత సంగతి తర్వాత."

ఆ మాటకి నేను లేచి వెళ్లిపోయాను. లేవకపోతే కంచం విసిరేదాన్నేమో.

మర్నాడూ ఆ మర్నాడూ బీడంతా నడిచాను. ఈసారి కరపత్రంలో రాసినట్టే. పద్నాలుగు చోట్ల మట్టి తీసి, గోనెపట్టా మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసేసి, మళ్లీ కలిపాను. రోడ్డు పక్కన ఊరందరి పశువులూ ఏడాదంతా మేసే పోరంబోకు ఉంది. అక్కడా అలాగే తీశాను. రెండు సంచులు పట్టుకుని ఒంగోలు బస్సెక్కాను.

మట్టి పరీక్ష ఆఫీసులో రఘురామ్ అని ఒక కుర్ర ఆఫీసరు ఉన్నాడు. మర్యాదగా కుర్చీ వేశాడు. పాత కార్డు రద్దు చేసి కాగితం ఇవ్వమని అడిగాను.

"రద్దు చెయ్యడం ఉండదండి. మీరిచ్చిన మట్టికి మేమిచ్చిన జవాబు అది. మట్టి మాకు అబద్ధం చెప్పలేదు కదండీ."

తల వంచుకున్నాను. వాడు సంచులు తీసుకుని, "ఈసారి ఎక్కడెక్కడ తీశారమ్మా?" అని అడిగాడు. చెప్పాను. అన్నీ రాసుకున్నాడు. పది రోజుల్లో పోస్టులో వస్తుందన్నాడు.

మూడింటికి మా ఊరి అడ్డరోడ్డులో బస్సు దిగాను. బీడు వైపు దుమ్ము లేస్తోంది. ఈ ఎండలో సుడిగాలేమో అనుకున్నాను. ట్రాక్టర్ చప్పుడు వినపడింది.

నేను ఒంగోలు వెళ్తున్నానని కోటేశ్వరికి చెప్పే వెళ్లాను. నేను ఊళ్లో లేని రోజు చూసుకుని తోలించాడు. చీరాల వెళ్లినప్పుడు మందలు, ఒంగోలు వెళ్లినప్పుడు ట్రాక్టర్.

ఆరెకరాలు అయిపోయింది. లోతు దుక్కి. దొడ్డి చోటు నుంచే మొదలుపెట్టాడు, బలమంతా అక్కడుందని నేనే చెప్పానుగా. చెంగలి దుబ్బులు తలకిందులుగా పడున్నాయి. సన్నటి తెల్లటి వేళ్లు మట్టిని పిడికిట్లో పట్టుకున్నట్టు పట్టుకుని ఉన్నాయి. వానపాములు ఎండలో గిజగిజ కొట్టుకుంటుంటే కొంగలు దిగి ఏరుకుంటున్నాయి. నేల ఇంకా తడిగా, నల్లగా, చల్లగా ఉంది. ఏప్రిల్ నెలలో ఊళ్లో ఇంకే పొలంలోనూ అరికాలికి ఆ చల్లదనం తగలదు. సాయంత్రానికి అది కూడా ఎగిరిపోతుంది.

శివయ్య గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. నేను వంగి, వేళ్లతో సహా ఒక పెళ్ల తీసి వాడి ఛాతీ మీదకి విసిరాను. తెల్ల చొక్కా మీద పగిలింది. ట్రాక్టర్ డ్రైవరు బండి ఆపి చూస్తున్నాడు.

"చూడు. కళ్లు పెట్టి చూడు. ఆరేళ్లు పట్టింది రా అది. ఆరేళ్లు. నువ్వు ఒక్క పూటలో తిరగేశావు."

"అందరి ముందూ ఏంటిది వదినా?"

"అందరి ముందూ చేసింది నువ్వు. ట్రాక్టర్ ఆపించు."

"మొదలుపెట్టాక ఆపుతారా ఎవరైనా?"

"అయితే పంచు."

వాడికి అర్థం కాలేదు. "ఏం పంచను?"

"బీడు. వెంకయ్యగారి భాగం ఏడెకరాలు నాకు తీసి ఇవ్వు."

నలభై తొమ్మిదేళ్లలో ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనలేదు. వాడి మొహం వాడిపోయింది. ఒక్క క్షణం నాకు నాలుగేళ్లవాడు కనబడ్డాడు. మాట వెనక్కి తీసుకుందామని నాలుక దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే వాడు అన్నాడు.

"ఎందుకీ గొడవ? రేపు నువ్వు పోయాక అదీ నాదేగా."

"పోయాక దున్నుకో."

ట్రాక్టర్ అక్కడితో ఆగింది. పంపకం శుక్రవారం పెట్టుకున్నాం. మా వైపు పద్ధతి ఒకటుంది. పెద్దవాళ్లు భాగాలు వేయాలి, చిన్నవాళ్లు కోరుకోవాలి. వేసేవాళ్లు మోసం చేయకుండా ఈ కట్టు. పెద్దదాన్ని నేను గనక గీత నేను గీయాలి. కోరుకునేది శివయ్య.

కొలతలు వేసే ఇమాం హుస్సేన్ గొలుసు పట్టుకుని వచ్చాడు. పద్నాలుగులో సగం ఏడు. దున్నింది ఆరు. ఎక్కడ గీసినా ఒక భాగంలో దున్నిన ఆరుతో పాటు ఒక ఎకరం గడ్డి కలవాలి. ఏ ఎకరం వదులుకోవాలో నాకు ఒక పట్టాన తెగలేదు. ఒక చోట గడ్డి ఒత్తు, ఒక చోట రాయి. రాతి ఎకరం వాడి వైపు తోసి, మంచి గడ్డి నా వైపు ఉంచుకోవచ్చు. ఇమాం హుస్సేన్ నా మొహం చూసి మేకు పట్టుకుని నిలబడ్డాడు. ఒకసారి చేసిన అబద్ధం చాలు. మేకులు తిన్నగా పాతమన్నాను. ఒత్తు గడ్డి ఎకరం దున్నిన వైపుకి పోయింది.

ఇక శివయ్య కోరుకోవాలి. వాడు గీత మీద నిలబడి అటూ ఇటూ చూశాడు. దున్నిన వైపు చూశాడు. దున్నని వైపు ఇంకా ఎక్కువసేపు చూశాడు. కోపానికి నా గడ్డే కోరుకుంటే నేను చేయగలిగింది ఏమీ లేదు, పద్ధతి పద్ధతే. నేను గట్టు మీద కూర్చున్నాను. బాపయ్య దూరంగా కర్ర ఆనించుకుని నిలబడి చూస్తున్నాడు.

"దున్నిందే తీసుకుంటా," అన్నాడు శివయ్య. "కార్డులో బలం అక్కడే ఉందిగా."

నేను నవ్వాను. నవ్వు లాంటిది వచ్చింది.

ఆ వారంలోనే నా పొయ్యి వేరు పెట్టుకున్నాను. ఒకే వాకిట్లో రెండు పొయ్యిలు. కోటేశ్వరి రోజూ కూర గిన్నె తెచ్చి గడప మీద పెట్టేది, నేను రోజూ తిప్పి పంపేదాన్ని. నాలుగో రోజున తేవడం మానేసింది.

తర్వాత ఒంగోలు నుంచి కార్డులు వచ్చాయి. రోడ్డు పక్క పోరంబోకు 0.29. మా బీడు 0.47. రెండింటి పక్కనా 'తక్కువ' అనే రాసుంది. అర దాటితేనే మధ్యస్థమంట. నేను ఆ రెండు కార్డులూ పక్క పక్కన పెట్టుకుని చాలాసేపు చూశాను. ఆరేళ్ల కింద మా బీడు కూడా ఆ పోరంబోకులాగే ఉండేది. ఉత్త గడ్డితో, ఉత్త తెరిపితో, అది ఇక్కడి దాకా లేచింది. ఈ మాట నేను మొదటే తెచ్చి వాడి ముందు పెట్టి ఉంటే గ్రావెల్‌కి తవ్వేవాడా, ఏమో. తవ్వకుండా అడ్డం పడుకుని ఉండేదాన్ని. కానీ మిరప పెడదామని మాత్రం వాడికి తోచేది కాదు. నా బీడుని నేనే ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపించి అమ్ముకున్నట్టయింది.

కార్డులు వాడికి చూపించాను. చేత్తో తీసుకోలేదు.

"సంచిలో మట్టి ఎక్కడిదో నాకేం తెలుసు వదినా."

ఆ మాటే నన్ను ఇంకా కాలుస్తోంది.

మృగశిర కార్తెలో వానలు పడ్డాయి. మొదటి వానని దున్నిన వైపే బాగా తాగింది. గుల్లగా ఉంది మరి. శివయ్య గీత అవతల నిలబడి, నాకు వినపడేలా డ్రైవరుతో ఆ మాటే అని నవ్వాడు. తాగుతుంది, ఈ ఏడు తాగుతుంది. నాకు వేరే చిక్కు వచ్చి పడింది.

పద్నాలుగెకరాల్లో ఎనభై గొర్రెలు, మూడావులు. ఏడెకరాల్లో ఎన్ని?

ఏడెకరాలనీ మళ్లీ ఐదు ముక్కలు చేశాం. ఒక ముక్క స్వాతి దాకా మూసి ఉంచాలి. మిగతావాటికి నెల రోజుల తెరిపి ఉండాలి. ఎలా లెక్కేసినా ఎనభై పట్టవు. ఎనభై దింపితే శ్రావణానికి గడ్డి నేలకి అంటుకుంటుంది, భాద్రపదానికి నేల తేలుతుంది. అప్పుడు శివయ్య దున్నినదానికీ, నేను దున్ననిదానికీ తేడా ఉండదు.

బాపయ్య కంప తీసి మందని తోలబోతుంటే అడ్డం వెళ్లాను.

"నలభై ఉంచు బాపయ్యా. మిగతావి ఎటన్నా తోలుకెళ్లాలి."

వాడు నా వైపు చూశాడు. "ఎటన్నా అంటే ఎటమ్మగారూ? ఊరంతా పైరు పెడుతున్నారు. ఇక నల్లమల అంచుకే పోవాలి. ఆదెమ్మ మోకాళ్లతో లేవలేకుండా ఉంది, దాన్ని వదిలి పోవాలా? తీసుకుని పోవాలా?"

"స్వాతి దాకానే."

"స్వాతి దాకా దాని కాళ్లు మీరు పడతారా?"

"ఎనభై దిగితే ఏమవుతుందో నీకు తెలీదా? నువ్వు చూశావు."

"చూశాను. అప్పుడు తేరగా తినమని పిలిచింది శివయ్యగారు, ఇప్పుడు పొమ్మనేది మీరు. రెండుసార్లూ మధ్యలో నేనే." వాడి గొంతు పెరిగింది. "ఆరేళ్లు మీరు మూయమన్న ముక్క మూశాను. గొర్రె ఏడుస్తున్నా తెరవలేదు. దొడ్డిలో మట్టి తవ్వుతుంటే అడిగాను, నా నోరు మూయించారు. ఆ రోజు నా మాట వినుంటే ఈ ఏడెకరాల గోల వచ్చేదా?"

వాడు చెప్పిందాంట్లో కాదనేది ఒక్కటీ లేదు. కాదనేది లేనందుకే నాకు ఒళ్లు మండిపోయింది.

"అయిందా? నలభై."

"మీ మూడావులు ఎన్ని గొర్రెల మేత తింటాయో అది కూడా లెక్కేశారా?"

వేయలేదు. నాలుగు రోజులుగా వేళ్లు ముడుస్తూ గొర్రెల్నే లెక్కపెట్టాను. మామగారి ఆవుల సంతతిలో మిగిలినవి ఆ మూడే. అవి లెక్కలో ఉంటాయని నాకు తట్టనే లేదు. ఒక్కో ఆవు ఐదారు గొర్రెల పెట్టు. మూడావులు ఉంటే, నలభై కూడా ఎక్కువే.

"వెయ్యలేదు," అన్నాను. "ఆవుల్ని కూడా నీతో తోలుకెళ్లు."

"కోపంలో ఒక మాట అన్నాను అమ్మగారూ."

"నేను కోపంలోనే విన్నాను. తోలుకెళ్లు. ఆదెమ్మ నా వాకిట్లో ఉంటుంది. దాని కాళ్లు నేనే పడతాను, ఈ నలభైనీ నేనే కాస్తాను."

వాడు చీదరగా ఉమ్మేసి, మందని కంప సందు దగ్గరికి తోలాడు.

నేను సందుకి ఒక పక్కన నిలబడ్డాను. ఒక్కో గొర్రె దూరుతుంటే పైకే లెక్కపెట్టాను. వాటికి లోపలి గడ్డి వాసన తెలిసి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. పిల్లల్ని లెక్కలో వేయలేదు, తల్లుల వెంట పోనిచ్చాను. బాపయ్య అవతల నిలబడి తనూ లెక్కపెడుతున్నాడు, నా లెక్క తప్పితే పట్టుకుందామని. ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. నలభై. కర్ర అడ్డం పెట్టాను.

నలభై ఒకటో గొర్రె వచ్చి కర్రకి ఛాతీ ఆనించి అరిచింది. దాని పిల్ల అంతకుముందే వేరే గొర్రె కడుపు కింద నుంచి లోపలికి దూరిపోయింది. లోపలి నుంచి అదీ అరుస్తోంది.

"ఒక్కటే కదమ్మగారూ," అన్నాడు బాపయ్య. "పోనీయండి."

ఆ గొర్రె నన్ను తోస్తోంది. ఒక్కటే. శివయ్య కూడా ఒక్క ఏడు చాలన్నాడు.

కర్ర బాపయ్య చేతికిచ్చి, నేను లోపలికి వెళ్లాను. పిల్ల దొరకలేదు. గడ్డి దాని చెవుల దాకా ఉంది. రెండుసార్లు చేతికందినట్టే అంది జారిపోయింది. మూడోసారి వెనక కాలు దొరికితే, ఛాతీ కింద చెయ్యి వేసి పట్టుకున్నాను. వెచ్చగా, తడిగా ఉంది, గుండె నా అరచేతిలో కొట్టుకుంటోంది. ఎత్తి తీసుకొచ్చి సందులో నుంచి తల్లి ముందు దించాను. బాపయ్య నా మొహం వంక చూడకుండా మిగతా మందని తిప్పుకున్నాడు. ఆవులు వెనకపడి నడిచాయి.

నేను తుమ్మ కంప ఈడ్చి సందు మూశాను. ముల్లు దిగి చేతిలో విరిగింది. తీసుకోలేదు. ఇంకో కంప తెచ్చి దాని మీద వేసి, కాలితో తొక్కాను.